సంతోషమ్మ పుట్టిన ఏడు

ఇబ్రహీంపట్నం మిషను చర్చిలో నేను ఉపదేశిని. పేరు యోబు. ప్రతి ఆదివారం వాక్యం చదివి వినిపించడం నా కొలువు.

మా వాడలో బాలస్వామి, వజ్రమ్మ దంపతులు ఆ ఏడే బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ల బిడ్డ సంతోషమ్మను మిషను బోర్డింగు బడిలో చేర్చాలి. చేర్చకపోతే పటేలింట్లో వెట్టికి పంపాలి. పటేలు కబురు అప్పటికే వచ్చింది. పదకొండేళ్లు దాటిన పిల్లల్ని మాత్రం బడిలో తీసుకోరు.

పాస్టరుగారు పుట్టిన తారీఖు అడిగారు. మా వాడలో తారీఖులు ఎవరు రాసిపెట్టారు? ఆ ఏడు ఊళ్లో ఏం జరిగిందో అదే మాకు గుర్తు.

"నిజాం సర్కారోళ్లు జనాభా లెక్క రాసిన ఏడు పుట్టిందయ్యా" అన్నాడు బాలస్వామి.

"గాదయ్యా, గత్తరల మా అత్త సచ్చిన ఏడు" అంది వజ్రమ్మ.

జనాభా లెక్కల ఏడైతే పిల్లకు పన్నెండు. కలరా వచ్చిన ఏడైతే పది.

"ఒక్క పుట్టుకకు రెండు మాటలా? ఇందులో ఒకటి అబద్ధం. అబద్ధాలాడేవాళ్ల పిల్లకు చోటు లేదు" అన్నారు పాస్టరుగారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఉపదేశుల తరగతిలో మాకు పాఠం చెప్పింది ఈయనే. ప్రభువు హేరోదు రాజు బతికుండగా పుట్టాడని మత్తయి రాశాడు. జనాభా లెక్క జరిగినప్పుడని లూకా రాశాడు. చరిత్ర చూస్తే హేరోదు చావుకూ ఆ లెక్కకూ మధ్య పదేళ్ల తేడా. డిసెంబరు ఇరవై ఐదు అని ఏ సువార్తలోనూ లేదు, వందల ఏళ్ల తర్వాత పెద్దలు ఖాయం చేసుకున్నారు. "అయినా ఆ ఇద్దరు సాక్షులూ అబద్ధమాడలేదు" అని ఈయనే అన్నారు. ఆ మాట గుర్తు చేస్తే నా కొలువు పోతుంది. వాళ్లిద్దర్నీ గుమ్మం దాకా నేనే సాగనంపాను.

క్రిస్మస్ ఆరాధనలో లూకా సువార్త చదివాను. జనాభా లెక్క మాట రాగానే వజ్రమ్మ లేచి నిలబడింది. సంతోషమ్మ రాలేదు, పటేలింట్లో పేడ ఎత్తుతోంది.

"అన్నా, గా లెక్క రాసింది ఏ ఏడు?"

పాస్టరుగారు నా వైపు గుడ్లురిమి చూశారు.

"పక్కాగ ఎవ్వరికి తెల్వదక్కా" అన్నాను.

"ప్రభువు పుట్టిన దినం?"

"గదీ తెల్వదు."

"తెల్వకున్నా పండుగ జేస్తుండ్రు. గీ ముక్క నా బిడ్డ కోసం గా దినం ఎందుకు చెప్పకపోతివన్నా?"

పాస్టరుగారు గబగబా కీర్తన ఎత్తుకున్నారు. నేనూ గొంతు కలిపాను.