చిలక పేరుతో పెరిగిన కణాలు

మా లాబ్‌లో కణాలు పెంచే ఇంక్యుబేటర్ పై అరలో సీసాలన్నీ చిలకవి. చిలక అంటే పక్షి కాదు, పై అంతస్తులోని పిల్లల వార్డుకు నెలనెలా వచ్చే ఏడేళ్ళ పాప. నోరు మూతపడదు కనుక నర్సులు ఆ పేరు పెట్టారు. ఆ పాప ఎముకల మూలుగలో ఎర్ర కణాలు సరిగా తయారు కావు. ఎవరో ఒకరి రక్తం ఎక్కించుకుని, బుగ్గలకు రంగు తెచ్చుకుని, నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి వెళుతుంది. ఆ రంగు పోయాక మళ్ళీ వస్తుంది.

మూడేళ్ళ కిందట చిలక రక్తంలోంచి కొన్ని తెల్ల కణాలు తీసి, అవి సీసాలో ఆగకుండా పెరిగేలా చేశారు. పాప ఒంట్లో ఉన్న లోపం వాటిలోనూ ఉంటుంది. అది ఎక్కడుందో వెతకడం, దాన్ని సరిచేసే మందు ఉందేమో చూడటం నా పీహెచ్‌డీ. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. స్కూలు యూనిఫారాలు కుట్టే మా అమ్మకు నా పని వివరించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆమె తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. కణాలకు రెండు రోజులకోసారి పోషక ద్రవం మార్చాలి కనుక ఆదివారాలు కూడా వెళ్ళేదాన్ని. "పిల్లలకి తిండి పెట్టి త్వరగా వచ్చెయ్యి" అనేది. పెళ్ళికాని కూతురు ఆదివారాలు పిల్లలకు తిండి పెట్టడానికి వెళుతోందని పక్కింటావిడకు కూడా చెప్పింది. తర్వాత కొన్నాళ్ళు మెట్ల మీద నన్ను చూడగానే అందరూ మాటలు ఆపేసేవారు.

మా లాబ్‌కు పెద్ద సారు. ఆయన భార్య పై వార్డులో పిల్లల రక్త జబ్బులు చూసే డాక్టరు, ఆవిడను మేడమ్ అంటాం. మేడమ్ పైనుంచి రక్తం పంపేవారు, సారు కిందనుంచి సలహాలు పంపేవారు. రక్తం మేం జాగ్రత్తగా వాడుకునేవాళ్ళం. సలహాలు మాత్రం పంపినవి పంపినట్టే వెనక్కి వచ్చేవి.

చిలక కణాలంటే సారుకు పంచప్రాణాలు. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే లేచేవారు కాదు. జబ్బు కణాలకే ఇంత పట్టుదల ఉంటే మనుషులకెంత ఉండాలి అని మమ్మల్ని దెప్పేవారు. నిజంగానే అవి గబగబా పెరిగేవి. మందు వేస్తే ఇంకా జోరందుకున్నాయి. పరిశోధన పత్రం రాసి పంపాం. వచ్చే నెల నుంచి ఆ మందును చిలకతో మొదలుపెడతామని మేడమ్ నాయనమ్మకు చెప్పారు. ఆవిడ ఆ మాట వార్డంతా చెప్పుకుని, లిఫ్టు నడిపే మనిషికి కూడా చెప్పింది.

పరిశోధన పత్రిక వాళ్ళు ఒక్కటే అడిగారు. ఈ కణాలు ఆ పాపవేనని రుజువు పంపమన్నారు. అందరినీ అడిగేదే. పక్క భవనంలో ఆ పరీక్ష చేసేవాళ్ళకు ఒక చుక్క ఇచ్చి వచ్చాను. జవాబు చూసి మళ్ళీ మొదటినుంచి చదివాను. కణాల్లో వై క్రోమోజోమ్ ఉంది. అది మగవాళ్ళలోనే ఉండేది.

మొదట ఫ్రీజర్ మామయ్యకు చెప్పాను. ఆయన మా టెక్నీషియన్, ఫ్రీజర్ తాళాలు మెడలో వేసుకుని తిరుగుతాడు. విని, లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు. "సారుకి నువ్వు చెప్తావా? చెప్పే రోజు ముందుగా నాకు చెప్పు, సెలవు పెట్టుకుంటా" అన్నాడు.

ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. పాపను ఎవరూ సరిగ్గా చూసుకోలేదేమోనని ఆమె అనుమానం. కాదమ్మా, సీసాలో ఉన్నవి పాపవి కావు, ఎవరో మగమనిషివి అని విడమరిచాను. నా మూడేళ్ళూ గంగలో కలిసినట్టేనని ఏడుపొచ్చింది. అమ్మ మిషను ఆపింది.

"ఆ మందు ఎవరి మీద పనిచేసినట్టు?"

"ఎవరి మీదో. చిలక మీద మాత్రం కాదు."

"వచ్చే నెల వేసేది చిలకకేగా. ఆ డాక్టరమ్మకి తెలుసా?"

"ఇంకా తెలీదు."

"అయితే అన్నం తర్వాత తిందువుగాని. ముందు ఫోన్ చెయ్యి."

చేశాను. పరీక్ష ఎవరు చేశారని మేడమ్ అడిగారు. ఇది తేలేదాకా పాపకు మందు వెయ్యనని, మర్నాడు సారు దగ్గరికి తానూ వస్తానని అన్నారు. నాకు సగం బరువు దిగింది. మిగతా సగం సారు.

సారు వినగానే పరీక్ష తప్పన్నారు. మళ్ళీ చేయించాం, మళ్ళీ అదే జవాబు. అప్పుడాయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు. పాప కణాల్లో ఎవడో దూరాడు, వాడెవడో తేలాలి అన్నారు. ఈ గదిలో పనిచేసే ప్రతి మగవాడూ బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది ఇవ్వాలని హుకుం జారీ చేశారు. మగవాళ్ళు మొత్తం ముగ్గురే: సారు, ఫ్రీజర్ మామయ్య, ఎప్పుడూ చెవుల్లో పాటలు పెట్టుకుని తిరిగే సీనియర్ అన్నయ్య.

ఆ వారం మా లాబ్ పెద్దమనుషుల పంచాయతీలా తయారైంది. సీనియర్ అన్నయ్య చెవుల్లోంచి పాటలు తీసేసి, తానసలు ఆ అర వైపు కన్నెత్తి చూడలేదని కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు. ఫ్రీజర్ మామయ్య దూదిపుల్ల చేతిలో పట్టుకుని, "ఈ వయసులో నాకీ అపవాదేంటమ్మా" అని నా ముందు వాపోయాడు. ఆ సంగతి ఎలా పొక్కిందో ఆయన భార్య చెవిన పడింది. మా ఆయన కణాలు ఎవరో పిల్ల సీసాలో దొరికాయటగా, ఆ పిల్ల వయసెంత అని మేడమ్‌కు ఫోన్ చేసి నిలదీసింది. ఏడేళ్ళు అని చెప్పాక గానీ ఆయనకు ఇంట్లో కాఫీ దొరకలేదు.

సారు అందరికీ ఆదర్శంగా ఉండాలని మా ఎదుటే నోరు బార్లా తెరిచి తన బుగ్గ తానే రుద్దుకున్నారు. నాయకుడన్నవాడు పరీక్షకు వెనకాడకూడదని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చారు. నోట్లో పుల్ల ఉండటంతో సగమే అర్థమైంది.

ఫలితాలు చూడటానికి మేడమ్, నేను పక్క భవనానికి వెళ్ళాం. తెర మీద సీసా కణాల డీఎన్ఏ గీతలు పైన, ఒక్కొక్కరి గీతలు కింద పెట్టి చూపించారు. సీనియర్ అన్నయ్యవి కలవలేదు. ఫ్రీజర్ మామయ్యవి దరిదాపుల్లో కూడా లేవు. మూడోవి అచ్చు గుద్దినట్టు కలిశాయి. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. తర్వాత ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారనుకుని నీళ్ళు తెచ్చాను. నవ్వుతున్నారు.

"ముప్పై ఏళ్ళుగా వీటితోనే కాపురం చేస్తున్నా. గుర్తుపట్టలేకపోయానమ్మా."

సారు తన గదిలో ఎదురుచూస్తున్నారు. దొంగ దొరికాడా, ఎవడు వాడు అని అడిగారు. మేడమ్ నా వైపు చూశారు. నా పీహెచ్‌డీ కనుక నేనే చెప్పాలట.

"సార్, మీవే."

"నావే అంటే? నా లాబ్‌వా?"

"కాదు సార్. మీ ఒంట్లోవి."

సారు నన్నొకసారి, తన చేతుల్ని ఒకసారి చూసుకున్నారు. మేడమ్ బల్ల మీదున్న నా థీసిస్ చిత్తుప్రతి తీసి, జబ్బు కణాల లక్షణాల పేజీ పైకి చదవడం మొదలుపెట్టారు. ఆ పేజీ రాసింది నేనే, తెలియక రాసింది. "ఈ కణాలు చుట్టుపక్కల కణాల సంకేతాలను లెక్కచెయ్యవు. చోటు చాలకపోయినా పెరుగుతూనే ఉంటాయి. పరిస్థితి అనుకూలించనప్పుడు ముద్దకట్టుకుని కదలకుండా ఉండిపోతాయి. ఆహారం ఆలస్యమైతే మాత్రం తట్టుకోలేవు." పక్కన ఎర్ర సిరాతో సారు చేతిరాత ఉంది. అది కూడా చదివారు: "చాలా సూక్ష్మమైన పరిశీలన." నేను గది మూల ఉన్న కుండీ వైపు చూస్తూ నిలబడ్డాను.

సారు నవ్వలేదు, కోప్పడలేదు కూడా. గుర్తు చేసుకుంటూ ఒక్కొక్కటే చెప్పారు. జబ్బు కణాలతో పోల్చడానికి ఆరోగ్యవంతుడి నమూనా కావలసి లాబ్ పెట్టిన కొత్తలో ఆయన తన రక్తమే ఇచ్చి, ఆ కణాల్నీ ఆగకుండా పెరిగేలా చేశారట. ఆ కణాల సీసా, చిలక సీసా కొన్నాళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. పండగ సెలవుల్లో మమ్మల్ని రావద్దని తానే వచ్చి రెండింటికీ ద్రవం మార్చేవారు. ద్రవం పీల్చి పోసే పిపెట్లు వృథా ఎందుకని ఒకదానితోనే కానిచ్చేవారు. అలా ఆయన కణాలు ఏ కొన్నో చిలక సీసాలో పడి, పాప కణాల తిండి తిని, వాటికి చోటు లేకుండా చేసి, సీసా అంతా ఆక్రమించేశాయి.

"నేనే చేశాను. నీ మూడేళ్ళూ నేనే తినేశానమ్మా" అన్నారు.

మేడమ్ నవ్వడం మానేశారు. "అదలా ఉంచండి. నాయనమ్మకి ఎవరు చెప్తారు?"

పత్రానికి గడువు దాటిపోలేదు, మందు ఎలాగూ మంచిదే, ఇంకో పాప కణాలతో సర్దుకోవచ్చు అని ఆయన అంటారేమోనని నేను భయపడుతూ ఉన్నాను. ఏడాదిలో రిటైరయ్యే మనిషికి అది చివరి పత్రం. సారు అక్కడే కూర్చుని పత్రం వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకు రాశారు. కారణం దగ్గర తన పేరే పెట్టారు. నాయనమ్మకు తానే చెబుతానన్నారు.

చిలక రక్తం ఎక్కించుకోవడానికి రాగానే ముగ్గురం పైకి వెళ్ళాం. నాయనమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. మందు మొదలుపెట్టడానికే వచ్చామనుకుని పాప జుట్టు సవరించింది. సారు నిలబడే చెప్పారు.

"అమ్మా, మందు ఇప్పుడు ఇవ్వలేం. మేం మందు వేసి చూసిన కణాలు మీ మనవరాలివి కావు. నావి. పొరపాటు నాదే."

ఆవిడ పాప జుట్టు మీంచి చెయ్యి తీసింది. "అంటే ఇన్నాళ్ళూ మందు మీకు వేసుకున్నారా?"

"నాకు కాదు. సీసాలో ఉన్న నా కణాలకి."

"మరి మీకు తగ్గిందా బాబూ?"

మేడమ్ కిటికీ వైపు తిరిగిపోయారు. సారు తనకు జబ్బేమీ లేదని ఒప్పుకున్నారు.

"జబ్బే లేకపోతే మందు పనిచెయ్యక ఏం చేస్తుంది" అంది నాయనమ్మ. ఆ మాట అన్నాక ఆవిడ మొహం చిన్నబోయింది. "వార్డంతా చెప్పుకున్నాను బాబూ." సారు తల దించుకున్నారు. అది చూసి కాబోలు, ఆవిడే మళ్ళీ అడిగింది, ఇప్పుడేం చేస్తారని. మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి, ఈ నెల రక్తం ఎక్కించకముందే పాప నమూనా తియ్యాలి, లేకపోతే వేరేవాళ్ళ కణాలు కలిసిపోతాయి, మందు పనిచేస్తుందో లేదో ఇప్పుడే మాట ఇవ్వలేం అని నేను చెప్పాను. మాట ఇవ్వకపోవడం ఆవిడకు నచ్చినట్టే ఉంది. తనకు సరేనని, పాపను అడగమని అంది.

చిలక అప్పటిదాకా సారును ఎగాదిగా చూస్తోంది.

"తాతా, నీవి బాగా పెరుగుతాయా?"

"బాగా పెరుగుతాయమ్మా."

"ఆపినా ఆగవా?"

"ఆగవు."

"అయితే నీ రక్తమే నాకెక్కించొచ్చుగా?"

"నిన్న బ్లడ్ బ్యాంకుకి వెళ్ళి అడిగాను. నీకూ నాకూ గ్రూపు కలవదట."

నేను మేడమ్ వైపు చూశాను. ఆవిడకూ ఆ సంగతి తెలియదు. చిలక కాసేపు లెక్క వేసుకుని, పోన్లే, ఇంకెవరికైనా ఇయ్యి అని చెయ్యి చాపింది. నర్సు రక్తం తీసి ట్యూబుకు మూత బిగించింది. సారు దాన్ని అందుకోబోయారు. చిలక అంతకన్నా ముందే నర్సు చేతిలోంచి లాక్కుని నా చేతిలో పెట్టింది.

"ఈ అక్కకే. తాత ముట్టుకోకూడదు."

సారు బుద్ధిగా రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.