లోపలి గడియ

నేను ఒక తలుపును. తలుపుకు తలపులేమిటని నవ్వకండి. రెంటికీ తేడా ఒక్క కొమ్ము. నాకైతే కొమ్మలన్నీ పోయాకే ఆ కొమ్ము దక్కింది. పుట్టింది కడెం వాగు అవతలి అడవిలో, టేకు చెట్టుగా. పెరగడానికి అరవై ఏళ్లు పట్టింది, పడడానికి అరపూట.

నన్ను పడగొట్టినవాడు తొడసం జంగు అనే గోండు రైతు. ఆయన ఇంటికి తలుపు లేదు, గోనెపట్టా వేలాడేది. దాని బదులు నన్ను నిలబెట్టుకోవాలని ఆశ. నేను నేలకొరిగానో లేదో అడవి సిబ్బంది వచ్చారు. మాటకు మాట పెరిగింది, తోపులాటలో ఒకాయన చెయ్యి విరిగింది. జంగుకు ఐదేళ్ల శిక్ష పడింది. ఆయన ముద్దాయి, పట్టుబడిన సొత్తును గనక నేను ముద్దెమాలు. పేర్లలో ఇంత ముద్దు ఉన్నా చూడడం మాత్రం మొద్దును చూసినట్టే. నేనెలాగూ మొద్దునే కాబట్టి పట్టించుకోలేదు. జంగు పట్టించుకున్నాడు. నగరంలోని పెద్ద జైల్లో గోండి మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. భార్య దేవుబాయి రావాలంటే రెండు రోజుల ప్రయాణం. ఏడాదిలో ఆయన నోటికి పడ్డ తాళాన్ని ఏ జైలరూ గమనించలేదు, అది వాళ్లు వేసింది కాదు మరి.

అప్పుడు ప్రభుత్వానికి మంచి బుద్ధి పుట్టింది. ఆదివాసీ ఖైదీల కోసం వాళ్ల ఊళ్లకు దగ్గర్లో, గుట్టల కింద స్వస్థత కేంద్రం కట్టాలన్నారు. కడుతుండగానే మొదటి విడతగా ఎనిమిది మందిని తెచ్చారు, వాళ్లలో జంగు ఒకడు. మూడు నెలలకు పెద్ద అధికారి వచ్చి చూస్తాడు. ఆయనకు నచ్చకపోతే ఎనిమిది మందీ మళ్లీ నగరం జైలుకే.

నమూనా గీసింది ఆర్కిటెక్ట్ నవనీత. మనసు పేరుకు తగ్గట్టే వెన్న, గీత మాత్రం నిక్కచ్చి. గుండ్రటి వాకిలి, ఎర్రమట్టి పూత గోడలు, నడుమ పొయ్యి. అన్నీ బాగానే ఉన్నాయి గానీ దండారీ పండుగలో గుస్సాడీ నాట్యగాళ్లు పెట్టుకునే నెమలి ఈకల టోపీని నేల పలకల మీద బొమ్మగా వేయించింది. మర్నాటి నుంచి ఎనిమిది మందీ గోడకు ఆనుకుని బల్లుల్లా నడవసాగారు.

"ఏమైంది జంగన్నా?" అంది.

"మా దేవుడు నెత్తి మీదుంటడమ్మా. కాళ్ల కింద పెడితే ఎట్ల నడుస్తం?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజే పలకలు తవ్వించింది. బొమ్మను ఎక్కడ పెట్టాలో జంగునే అడిగింది. ఆ నాటి నుంచి ఏ గీతైనా వాళ్లను అడిగాకే గీసింది.

కలప కావాలంటే అడవి శాఖ డిపో నుంచి పట్టుబడిన మొద్దులు పంపారు, నాతో సహా. వడ్రంగం తెలిసినవాడని జంగు చేతికి బాడిస ఇచ్చారు. నా మొదలు దగ్గర గొడ్డలి గాటు చూడగానే ఆయన అరచెయ్యి అక్కడే ఆగిపోయింది.

"గిది నా చెట్టే!" అన్నాడు. ఏడాది తర్వాత ఆయన గట్టిగా అన్న మొదటి మాట అది.

నన్ను పొట్టిగా చెక్కాడు, లోపలికి వచ్చేవాడు తల వంచాలని. నెమలి టోపీ బొమ్మ నా పై కమ్మీకెక్కింది. బందీల ఇంట్లో రెండు బందుల మీద నిలబడి అందరికీ బంధువునయ్యాను. గడియ బిగించడానికి ఒక గడియే పట్టింది. పంచాయితీ మాత్రం మూడు రోజులు నడిచింది. ఎందుకంటే, ఇళ్లకు తలుపులు చేసిన అలవాటు కొద్దీ జంగు గడియను లోపలి వైపు బిగించాడు.

జైలరు నర్సింగం పరుగున వచ్చాడు. "అరె జంగూ, నువ్వు తలుపు చేస్తున్నది జైలుకా, అత్తగారింటికా?"

"రెండొకటే అంటరు కద సారూ!"

"నవ్వకు! గడియ బయటికి మార్చు."

"బయటి గడియ పశుల కొట్టానికుంటది సారూ. ఇంటికి లోపట్నే ఉండాలె."

నవనీత కల్పించుకుంది. "గోడలు, కప్పు, బొమ్మలు నేను గీశాను సార్. ఇల్లు మాత్రం ఈయన గీశాడు."

నర్సింగం వినలేదు. బయట ఇనుప గడియ వేయడానికి శుక్రవారం మనిషిని రమ్మన్నాడు. పెద్ద అధికారి గురువారమే దిగాడు.

అప్పుడు ఎనిమిది మందీ జొన్న రొట్టెలు తింటున్నారు. జైలరు గారి మేక రోజూ దూరి రొట్టెలు లాక్కుపోతోందని గడియ వేసుకున్నారు. నర్సింగం నన్ను తోశాడు. నేను కదల్లేదు. ముప్పై ఏళ్లుగా తలుపులు తీయించడమే గానీ తట్టడం ఎరగని అధికారి, వేళ్లు మడిచి మొహమాటంగా తట్టాడు.

"ఎవలు?" అన్నాడు జంగు లోపలి నుంచి.

ఖైదీ అడగ్గా జవాబు చెప్పుకోవలసి రావడం ఆయనకు అదే మొదలు. "నేను... అధికారిని."

"ఆగుండ్రి, చెయ్యి కడుక్కొని వస్తున్న."

నేను తెరుచుకున్నాను. "రాం రాం సారూ. తల పైలం!"

అధికారి తల వంచాడు, టోపీ రాలింది. జంగు దాన్ని తీసి దులిపి ఇచ్చి, కాళ్లకు చెంబుతో నీళ్లిచ్చాడు. ఆయన పొయ్యి పక్కన కూర్చుని రొట్టె తిన్నాడు. బయట నర్సింగం, మేక చెమటలు కక్కారు. మేకకు మాత్రం భయం లేదు, ఎండ అంతే.

"గడియ లోపల ఎందుకయ్యా?" అని అడిగాడు అధికారి చివరికి.

"తప్పు జేసిన సారూ. ఒకాయన చెయ్యి ఇరిగింది. శిచ్చ అనుభవిస్తున్న. గోడా మీదే, గేటూ మీదే. గీ ఒక్క గడియ మాకిడువుండ్రి. గిదుంటే మాకు మేమే కావలుంటం."

అధికారి చేతికంటిన రొట్టె పొడి దులుపుకున్నాడు. తర్వాత తనిఖీ కాగితం తీశాడు. అందులో ఒక ప్రశ్న: 'తలుపునకు గడియ ఉన్నదా?' ఆయన 'ఉన్నది' అని రాసి సంతకం పెట్టాడు. ఏ వైపని కాగితం అడగలేదు, ఆయనా చెప్పలేదు. శుక్రవారం వచ్చిన ఇనుప గడియ మేకల దొడ్డికి పనికొచ్చింది.

ఎనిమిది మందీ ఉండిపోయారు. దేవుబాయి ప్రతి సంతనాడు బస్సు దిగి నన్ను తట్టేది. శిక్ష ముగిసిన జంగు ఇప్పుడు ఇంట్లో వెదురు తడికకు గడియ బిగించుకున్నాడట. నాకేం తక్కువ? చెట్టుగా నీడ ఇచ్చాను, తలుపుగానూ అదే పని.

వెళ్లేరోజు ఆయన బయటికి వచ్చి నన్ను దగ్గరికి లాగి మూశాడు. గొడ్డలి గాటు మీద చెయ్యి ఉంచి నిలబడ్డాడు. లోపల కొత్తగా వచ్చినవాడు గడియ వేసిన చప్పుడు విన్నాకే ముందుకు అడుగు వేశాడు.