నీలం రంగులోని ఇల్లు

మా తమ్ముడు రెడ్డెప్పను ఊరి పక్కన పారే వంక తీసుకుపోయింది. ఎగువన చెరువు కట్ట తెగిన నవంబరులో జరిగిందది. ఆవును విప్పడానికి కొట్టంలోకి పోయాడు. ఆవు ఈదుకుంటూ దిగువన గట్టెక్కింది. వాడు దొరకలేదు. నిమ్మనపల్లె దాకా వెతికాం. ఆ కింద కూడా వెతికాం. చెప్పు కూడా దొరకలేదు.

మనిషి దొరకనప్పుడు ఇల్లు ఒక తీరుగా ఉంటుంది. వాడి పెండ్లాం, మా మరదలు సావిత్రమ్మ, బొట్టు తీయలేదు. తీయమని ఎవరూ చెప్పలేదు. పొద్దున లేచేసరికి వంక వైపు గడప తడిగా ఉంటోందని అనేది. పోయి చూశాను. తడిగానే ఉంది. వంక పక్కన ఇల్లు, మంచు కురుస్తుంది, అందువల్ల అనుకున్నాను. అనుకోవడమే.

తర్వాతి ఏడు ఎండాకాలంలో మదనపల్లె నుంచి సర్వే వాళ్లు వచ్చారు. వాళ్లకు పెద్ద జాహ్నవి అనే ఇంజనీరమ్మ. డ్రోను ఎగరేసింది. నీళ్లు వచ్చిన జాగాలన్నీ కొలిచి, ఎర్ర రంగు పూసిన రాళ్లు నాటించింది. ఆ రాళ్లకు వంక వైపున ఇక ఎవరూ ఇల్లు కట్టకూడదు. ఉన్నవాళ్లు గుట్ట మీద ఇచ్చే రేకుల ఇండ్లకు మారిపోవాలి. కింద సేద్యం చేసుకోవచ్చు, కాపురం ఉండకూడదు.

ఆ పిల్ల సావిత్రమ్మ అరుగు మీద కూర్చుని, పలకంత ఫోనులో మ్యాపు తీసి చూపించింది. ఊరు బూడిద రంగు. వంక ముదురు నీలం. దాని చుట్టూ పరుచుకొని లేత నీలం.

“ఈ లేత నీలమంతా నీళ్లు వచ్చే చోటమ్మా. మీ ఇల్లు నడిమధ్యలో ఉండాది.”

“మా తలవాకిలి యాడుండాది పాపా?”

జాహ్నవి వేలు పెట్టి చూపించింది.

“నీళ్లు మళ్లా ఈ వాకిలి కాడికే వస్తాయా?”

“వస్తే ఇట్లనే వస్తాయి. వంక పాత తోవ ఇదేనమ్మా. మీ ఇల్లు లేనప్పుడు నీళ్లు ఈడనే పారతా ఉండె. అది తోవ మర్చిపోదు.”

సావిత్రమ్మ ముఖం తేటపడింది. అంత తేటగా ఆ ముఖాన్ని చూసి చాలా కాలమైంది. భయపెట్టి ఒప్పించానని ఆ పిల్ల అనుకుంది. నాకు మాత్రం సంగతి అర్థమైంది. పోయిన తోవనే మనిషి తిరిగి వస్తాడని మా మరదలి నమ్మకం. ఇప్పుడు ఆ తోవను సర్కారే గీసి చూపించింది.

మిగతా ఇండ్ల వాళ్లు వానలకు ముందే గుట్టకు పోయారు. నేనూ పోయాను. ఆమె కదల్లేదు. తలుపుకు నోటీసు అంటిస్తే దాని కిందే ముగ్గు వేసింది. నేను రోజూ దిగిపోయి అరుగు మీద కూర్చునేవాణ్ణి.

“యాల వస్తావు బావా? ఒక మాటా లేదు, మంతీ లేదు. మా ఆవే మేలు, అంబా అన్నా అంటాది.”

“గుట్ట మీదికి పోదాం పామ్మా.”

“ఆడికి నీళ్లు రావు.”

“అందుకే కదా.”

“నీళ్లు రాని చోటికి ఆయప్ప ఎట్ల వస్తాడు?”



కార్తీకంలో వాన పట్టింది. ఒక పొద్దున, చెరువు కట్ట మీద కాపలా ఉన్న వెంకటేష్ ఫోను చేశాడు. కట్ట జారుతాండాది, కిందోళ్లను లేపండి అన్నాడు. కింద ఉండేది సావిత్రమ్మ ఒక్కతే. పోయేసరికి నీళ్లు పెరట్లోకి వచ్చి ఉన్నాయి. ముందు ఆవును విప్పి గుట్టకు తోలాను. లోపలికి పోతే ఇల్లంతా ఊడ్చి ఉంది. తలుపులు రెండూ బార్లా తెరిచి, పీట వేసి, పళ్లెంలో రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టి కూర్చుంది.

“సూడు బావా, మ్యాపులో ఉండేట్లే వస్తాండాది.”

చేయి పట్టి లాగలేను. తమ్ముని పెండ్లాం చేయి పట్టడం మాలో లేదు.

“ఇది మట్టి మిద్దె. నీళ్లు తగిలితే గోడుండదు, గడపుండదు. వాడొచ్చి యాడ నిలబడాల?”

 ఆ సంగతి ఆమెకు అంతదాకా తోచినట్లు లేదు.

“అట్లయితే పిలుసుకొని పోదాం,” అంది. “నువ్వు పిలువు.”

మా వైపు ఇల్లు మారేటప్పుడు, ఆ ఇంట్లో చనిపోయినవాళ్లను కూడా పిలుచుకుపోతారు. పొయ్యిలో బూడిద మూట కట్టుకొని, ఒక కడుపున పుట్టినవాళ్లో కన్నబిడ్డలో పేరు పెట్టి పిలుస్తూ ముందు నడవాలి. వెనక్కి చూడకూడదు. కొత్త గడప దాటేదాకా పిలుపు తెగకూడదు. తెగితే వాళ్లు అక్కడే నిలిచిపోతారు. అది చనిపోయినవాళ్లను పిలిచే పిలుపు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. నేను ఆ మాట ఎత్తలేదు.

“నువ్వే పిలిస్తే పోలా?” అన్నాను.

“మొగుని పేరు నేనెట్ల పలికేది? నీకు మాటలు కరువైతే ఒక్క మాటే కదా బావా, అదే అంటా ఉండు.”

పొయ్యిలో బూడిద మూట కట్టుకొని, మోకాటి లోతు నీళ్లలో బయటపడ్డాం.

“రెడ్డెప్పా, రా నాయనా. రెడ్డెప్పా, రా.”

వాడు పోయినప్పటి నుంచి ఆ పేరు నేను పైకి అనలేదు. వెనక నీళ్లలో అడుగుల చప్పుడు. ఆమెవే అనుకున్నాను. ఎర్ర రాయి దాటి గట్టి నేల ఎక్కాం. ఆమె మెట్టెలు రాళ్లకు తగిలి టిక్కుమంటున్నాయి. దాని వెనక, నీళ్లలో అడుగు పడే చప్పుడు ఇంకా వస్తూనే ఉంది. నేను చూడలేదు.

గుట్ట సగం ఎక్కాక కింద నుంచి ధబ్బుమని వినిపించింది. మిద్దె కూలింది.  నోరు తెరిస్తే గాలే వచ్చింది. పిలుపు తెగింది. వెనక నీళ్ల చప్పుడూ ఆగింది.

అప్పుడు సావిత్రమ్మ పిలిచింది.

“రెడ్డెప్పా.”

పెండ్లయిన నాటి నుంచి ఆ పేరు ఆమె నోట ఎవరూ వినలేదు. మొదట గొణిగినట్లు అంది. తర్వాత, చేన్లో ఉన్న మనిషిని సంగటికి కేకేసినట్లు పిలిచింది. “రెడ్డెప్పా, రా. వానలో యాల నిలబడుకోనుండావు, రా.”

అడుగులు మళ్లీ మొదలయ్యాయి.

కొత్త ఇంట్లోకి నేను ముందు పోయాను. బూడిద మూట మూలన దించి తిరిగాను. గడప దాటాక చూడొచ్చు. సావిత్రమ్మ వాకిలికి ఒక పక్కగా జరిగి, వానలో నిలబడి ఉంది. ఇంకొకరికి దారి విడిచినట్లు.

“తల వంచుకో,” అంది. నాతో కాదు. “రేకు తగులుతాది.”