పది నా కడుపులోనే ఉంది

నేను ఒక సైంటిఫిక్ కాలిక్యులేటర్‌ని. నొక్కిందే లెక్క కడతాను. నొక్కినవాళ్ల మనసులో ఏముందో నాకెందుకు?

విజయనగరం కాలేజీలో ఫిజిక్స్ చెప్పే కూర్మారావు మాస్టారి జేబులో పదేళ్లు బతికాను. రిటైరైన రోజున ఆయన నన్ను ల్యాబ్ అటెండరు పైడితల్లికి ఇచ్చారు. గాజుసామాను కడుగుతూనే దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న మొండిఘటం ఆమె. డిగ్రీ వస్తే ల్యాబ్ అసిస్టెంటవుతుంది. ఫిజిక్స్ పేపరు రెండుసార్లు పోయింది, అదీ రెండేసి మార్కుల తేడాలో! మూడోసారి పోతే కోర్సు గడువే తీరిపోతుంది.

పంతం పట్టి జవాబు పత్రం నకలు తెప్పించుకుంది. ఐదు వందల నానోమీటర్ల వెలుగులో ఒక్కో ఫోటాన్ శక్తి ఎంత? జౌళ్లలో రాసింది తప్పు. దాన్నే ఎలక్ట్రాన్ వోల్టుల్లోకి మారిస్తే, రెండున్నరకు కాస్త తక్కువ, ఒప్పు!

"మొదటిది తప్పయితే రెండోది ఒప్పెలాగయింది? ఇదేటి మాయ?" అంటూ పది మీది ఘాతాలు వేళ్ల మీద కూడింది. మైనస్ ముప్పై నాలుగు, ప్లస్ ఎనిమిది, కిందున్న మైనస్ ఏడు పైకొస్తే ప్లస్ ఏడు. మైనస్ పంతొమ్మిది రావాలి. అదే లెక్క నా మీద నొక్కితే నేను మైనస్ పద్దెనిమిది చూపించాను.

"నీకు మతి గాని పోయిందేటి?" అని నన్ను కసిరింది. నా ఒళ్లు మండిపోయింది. కానీ ఆమె వదల్లేదు. పది, ఈఎక్స్‌పీ బటన్, రెండు నొక్కింది. వంద రావాలనుకుంది. వెయ్యి చూపించాను.

వెంటనే మాస్టారికి ఫోన్ చేసింది.

"తప్పు నాదేనమ్మా. నీకు చెప్పేటప్పుడు ఈఎక్స్‌పీని 'ఇంటూ టెన్ పవర్' అని చదివేవాణ్ణి, నువ్వు విన్నట్టే ఇంటూ, పది కూడా నొక్కావు. పది ఆ బటన్లోనే ఉంది."

"అయితే జౌళ్లలో ఓ పది ఎక్కువైపోనాది. మార్చినప్పుడు కిందా అదే పది ఎక్కువ. రెండూ కొట్టుకుపోనాయి! ఇదా మాస్టారూ నన్ను రెండేళ్లు ఏడిపించింది?"

ఇక ఆ నెలంతా ఘాతాలన్నీ చేత్తో కూడిన తర్వాతే నన్ను ముట్టుకుంది. తీరా పరీక్ష హాల్లో, సరిగ్గా ఆ లెక్క దగ్గరే, నా బ్యాటరీ అయిపోయింది. సిగ్గుతో చచ్చాననుకోండి. పైడితల్లి నన్ను పక్కకు జరిపి, ఘాతాలు కాగితం అంచున కూడుకుని, రెండు జవాబులూ రాసేసింది. నేను లేకుండానే పాసైంది.

ఇప్పుడు నా కాపురం ల్యాబ్ బీరువాలో. ఏటా కొత్త పిల్లలు రాగానే ల్యాబ్ అసిస్టెంటు పైడితల్లి నన్ను బయటకు తీసి, కొత్త బ్యాటరీ వేసి, "పది, ఈఎక్స్‌పీ, రెండు నొక్కండర్రా. ఎంతొస్తాది?" అంటుంది.

"వంద!" అని అరుస్తారు అందరూ.

వెయ్యి చూపించడమే ఇప్పుడు నా ఉద్యోగం.