రేవతి దాటేదాకా

నాకు శవమంటే భయం. వీధిలో డప్పు వినపడితే మా కిరాణా కొట్లో బస్తాల వెనక్కెళ్ళి నిలబడే రకాన్ని. అలాంటిదాన్ని, రాజమండ్రి నుంచి నర్సు రూతు గారు మా నిడదవోలొచ్చి మాట్లాడితే ఏడుపాపుకోలేక, ఇక నయం కాని కాన్సర్ రోగుల ఇళ్ళకెళ్ళి తోడు కూర్చుంటానని పేరిచ్చేశాను. "తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం, వీరవేణీ," అన్నారు మా ఆయన. మొదట చెడింది నా నిద్రే.

రూతు గారు చాలా నేర్పారు గానీ గట్టిగా చెప్పింది మాత్రం రెండు ముక్కలు. చెయ్యి వదలకండి, అబద్ధం చెప్పకండి.

నాకు అప్పగించిన మనిషి నాగరత్నం గారు. జగన్నాథరావు గారింట్లో వెనక వాటాలో అద్దెకుండేవారు, ఆవిడా కూతురు పావనీ. పావని బట్టల షాపులో పనిచేసి పొద్దు వాలాక వచ్చేది. మధ్యాహ్నాలు నేనుండేదాన్ని. పెదాలు తడపడం, పక్క సర్దడం, పూతరేకుల్లో నెయ్యి ఎంత వెయ్యాలో ఆవిడ చెబుతుంటే వినడం, అదీ నా పని.

ఆవిడకి చావంటే భయం లేదు. భయమంతా ధనిష్ఠా పంచకమంటేనే. ధనిష్ఠ నుంచి రేవతి దాకా ఆ ఐదు నక్షత్రాల్లో ఎవరైనా ఇంట్లో పోతే, ఆ ఇల్లు నెలల తరబడి పాడుపెట్టి అందరూ వెళ్ళిపోవాలి. ముందు వాటాలో జగన్నాథరావు గారమ్మాయి పురిటికొచ్చి ఉంది. పంచకం మొదలైన రోజున ఆయన గుమ్మం బయటే నిలబడి, మనిషి తేడాగా ఉంటే కాస్త ముందే చెప్పమని, పెరట్లో చిన్న పాక వేయించి అందులోకి మారుస్తానని మెల్లగా అన్నారు. కోపం వచ్చింది నాకు. కానీ ఆయన కళ్ళు కూతురున్న ముందు వాటా వైపే ఉన్నాయి.

ఆయన వెళ్ళాక నాగరత్నం గారు నా మణికట్టు పట్టుకున్నారు.

"నన్ను పాకలో వెయ్యనివ్వకండి వేణిగారూ. ఇంట్లో పోతే పావని వీధిన పడుతుంది. ఎలాగోలా ఆఖరిది, ఆ రేవతి దాటేస్తానండి."

దాటలేకపోయారు. రేవతి వెళ్ళేది దీపాలవేళకని క్యాలెండర్లో ఉంది. ఆ మధ్యాహ్నమే ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. ఒకటి తీసుకున్నారు. రెండోదాని కోసం చూస్తూ కూర్చున్నాను. రాలేదు.

అరవబోయి నా నోరు నేనే నొక్కుకున్నాను. పారిపోదామని చెప్పులదాకా వెళ్ళాను కూడా. ముందు వాటాలోంచి ఆ నిండు చూలాలి గాజుల చప్పుడు వినపడింది. నేను కేకేస్తే ఆ పిల్లా, పావనీ ఇద్దరూ ఇవాళే ఇల్లు వదలాలి. వెయ్యకపోతే, ఆ కీడు నిజమే అయితే, తగిలేది ఆ కడుపులో బిడ్డకి. అప్పుడా పాపం ఎవరిది? నాకేం తెలుసు? వెనక్కొచ్చి కూర్చుని, చల్లబడుతున్న ఆ చెయ్యి పట్టుకున్నాను.

జగన్నాథరావు గారి అడుగులు వినపడ్డాయి. గుమ్మం అవతల ఆగి, ఎలా ఉన్నారని అడిగారు.

"నిద్రపోతున్నారండి," అన్నాను.

ఆయన చాలాసేపు చూశారు. ఆవిడ పెదవి మీద ఈగ వాలింది. నేను తోలేసరికి ఆలస్యమైపోయింది.

"లేపకండి," అని వెళ్ళిపోయారు.

పావని వచ్చింది. చెప్పేముందే దాని నోటికి నా చెయ్యి అడ్డం పెట్టాను. అది నన్ను చూసింది, తల్లిని చూసింది. చున్నీ నోట్లో కుక్కుకుని మంచం కోడు పట్టుకుని కూలబడింది. చప్పుడు లేకుండా అంతలా వణికే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. దాన్ని ఒక చేత్తో, ఆవిడని ఒక చేత్తో పట్టుకుని, కిటికీలో వెలుగు పోవడం కోసం కాచుకున్నాను. ముందు వాటాలో చిన్న శబ్దమైనా గుమ్మంకేసి చూసేదాన్ని.

గదంతా మసకబడ్డాక జగన్నాథరావు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి గుమ్మం దాటి లోపలికే వచ్చారు. చేతిలో ప్రమిద ఉంది, నూనె పోసి, వత్తి వేసి. వెలిగించి నాగరత్నం గారి తల దగ్గర పెట్టారు.

"రేవతి వెళ్ళి అశ్విని వచ్చింది," అన్నారు. "ఇంక ఏడ్చుకోమ్మా, పావనీ."