వేడెక్కని రేడియేటరు

బస్సు వంతెన మీదనే ఉంది, ఎప్పటినుంచో ఉన్నట్టుంది, కింద గోదావరి కనిపించడం లేదు గానీ నీళ్ళ వాసన వస్తోంది, నేను టికెట్ల మిషను మెడలో వేసుకుని వెనక మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను, స్టీరింగు ముందు మా సూరన్న కూర్చుని ఉన్నాడు. సూరన్న పోయి మూడేళ్ళయిందని నాకు తెలుసు. కానీ డ్యూటీ చార్టులో డ్రైవరుగా ఆయన పేరే వేశారు, అందుకని నేను ఆశ్చర్యపోవడం లేదు. డిపోలో జుట్టు నెరిసినవాడు చావు కంటే చార్టునే ఎక్కువ నమ్ముతాడు.

బస్సు కదలడం లేదు. "ఏంటండీ కండక్టరుగారూ, ఆగిపోయిందేంటండీ?" అని ఎవరో అరుస్తున్నారు. "రేడియేటరు వేడెక్కిందండీ, ఇప్పుడే బయల్దేరిపోద్ది," అంటున్నాను అలవాటుగా. నీళ్ళ డబ్బాతో దిగి బానెట్ మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది.

ఆయన బతికున్నప్పుడూ ఇంతే. కొవ్వూరు వంతెన ఎక్కే ముందు సూరన్న బస్సు పక్కకు తీసి ఆపేసేవాడు, ఊపిరి అందేది కాదు, చేతులు వణికేవి, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయేది. నేను దిగి, వేడెక్కని రేడియేటరులో నీళ్ళు పోస్తున్నట్టు నటించి, ఆయన కుదుటపడ్డాక వెనక్కి వెళ్ళి "రైట్ రైట్" అనేవాడిని. డ్రైవరుకి భయమని డిపోలో తెలిస్తే స్టీరింగు ముందు నుంచి దించేస్తారు. అందుకని దాచాను, స్నేహమంటే అదేననుకున్నాను, పైగా లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

డబ్బాలో నీళ్ళు ఎంత ఒంపినా అయిపోవడం లేదు, ఒంపుతూ ఒంపుతూనే నేను బస్సులోకి వచ్చేశాను, సీట్లన్నీ ఆస్పత్రి బెంచీలైపోయాయి, సూరన్న ఒక బెంచీ మీద స్టీరింగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"గుండె పరీక్షలో ఏమీ లేదన్నారు కదన్నా?" అంటాను.

"గుండ్రాయిలా ఉన్నావన్నారు. మరి ఇప్పుడే చచ్చిపోతున్నట్టు ఎందుకుంటందిరా అని ఎవర్నడగను? నిన్నే అడిగేను."

"నేనేమన్నాను?"

"ధైర్యంగా ఉండాలన్నావు. ధైర్యం లేకా కామేసూ? గోదారి పొంగినప్పుడు కూడా తోలేనే ఈ వంతెన మీద!"

నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు. చివరికి ఆయన ఉద్యోగం మానేసి కొవ్వూరులో ఇంటి గడప దాటడం మానేశాడు, రాజమండ్రిలో కూతురి పెళ్ళికి రాలేదు, కామెర్లు ముదిరినప్పుడు పెద్దాసుపత్రి ఏటి అవతల ఉందని ఒద్దు ఒద్దంటూనే పోయాడు. ఆ పాపంలో నా వాటా ఎంతో నాకు తెలుసు.

"నలుగురికీ తెలిస్తే నీ ఉద్యోగం పోయేదన్నా," అంటాను.

"ఎలాగూ పోయింది కదరా. ఒక్కసారి హోల్డాన్ అని బస్సు ఆపించలేకపోయావా? వీడికేదో అవుతోందండీ, ఎవరికైనా చూపించండీ అని అన్లేకపోయావా?" కోపంగా అనడం లేదు, అదే నాకు మరీ కష్టంగా ఉంది. "సర్లే, మన హైమ ఎలాగుంది?"

మా అమ్మాయి సంగతి ఈయనకెవరు చెప్పారో! "పరీక్షంటే చాలన్నా, చేతులు చల్లబడిపోతున్నాయి, ఊపిరాడదంటోంది. ఇది ఆందోళన జబ్బండీ, మానసిక డాక్టరుకి చూపిస్తే తగ్గిపోతుంది అని కాలేజీ మేడం చెప్పింది. నేనే ఒప్పుకోలేదు. ఆడపిల్ల, పిచ్చని పేరు పడితే..."

"మరి కాలేజీకేం చెప్తన్నావు?"

"జ్వరమని."

సూరన్న ఒళ్ళోని స్టీరింగు మీద చేతులు వేస్తాడు. "నాకు రేడియేటరు, దానికి జ్వరమా?"

బస్సు కదులుతోంది, ముందు వంతెన లేదు, తెల్లగా పొగమంచు ఉంది, "హోల్డాన్" అని అరవాలని నోరు తెరిస్తే "రైట్ రైట్" అనే వస్తోంది, ఎన్నిసార్లు తెరిచినా అదే వస్తోంది. సూరన్న వెనక్కి తిరగకుండా అంటాడు, "నువ్వెప్పుడూ వెనకాలే ఉన్నావురా. పక్కనొచ్చి కూర్చుంటే బాగుండేది."

"నాన్నా, నాన్నా!"

కళ్ళు తెరిస్తే తెల్లారి ఉంది. మంచం పక్కన హైమ కాలేజీ యూనిఫాంలో, మంచినీళ్ళ సీసా రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఇవాళ ప్రాక్టికల్స్. నా వల్ల కాదు నాన్నా. జ్వరమని ఫోన్ చెయ్యవా?"

లేచి దాని నుదుటి మీద చెయ్యి వేశాను. బానెట్ లాగే చల్లగా ఉంది.

"ఫోన్ చేస్తానమ్మా. జ్వరమని కాదు. ఆ డాక్టరు ఎక్కడుంటారో మేడాన్నే అడుగుతాను. ఇద్దరం బస్సులో వెళ్దాం."

"నువ్వు డ్యూటీలో ఉంటావుగా?"

"ఇవాళ సెలవు పెడతాను. నీ పక్కనే కూర్చుంటాను," అన్నాను.