ముందు అడిగింది హనుమక్కనే

చాటలో ఎడమచేయి గింజలు పరుస్తుంటే కుడిచేతి వేళ్ళు పుచ్చుల మీదే వాలుతున్నాయి. బూజు పట్టింది, ముడుచుకుపోయింది, పురుగు తొలిచింది. మంచి గింజ ఎలా ఉంటుందని అడిగితే జుబేదాబీ కాస్త ఆలోచించాల్సిందే. ముదిగుబ్బ వేరుశనగ బుడ్డల మిల్లులో పదకొండేళ్ళుగా ఆమెది ఇదే పని.

మొగుడు పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచీ తిండి రుచించదు, నిద్ర సగం సగం. జబ్బని చెప్పుకునేంత జబ్బూ కాదు, రోజూ పనికి వస్తూనే ఉంది. ఎవరు పది మాటలు చెప్పినా చేదుమాట ఒక్కటే ఆమె వెంట ఇంటిదాకా వచ్చేది.

పక్కన కూర్చునేది హనుమక్క. నవ్వుతూ ఏరుతుంది, సగం పుచ్చులు వదిలేస్తుంది, అయినా అందరికీ ఆమే కావాలి. ఆమె నీళ్ళకుండ దగ్గరికి లేస్తే నలుగురు వెంట లేస్తారు. అది చూసి జుబేదాబీ కడుపు మండని రోజు లేదు.

ఆడకూలీల మీద ఒకరిని పెద్దగా పెడతారని నెలరోజులుగా అనుకుంటున్నారు. ఆ పని మీద జుబేదాబీ ప్రాణాలన్నీ పెట్టుకుంది. పొద్దున మేస్త్రీ ఆంజినప్ప వచ్చి ముందు నిలబడ్డాడు.

"రేపట్నుంచి నువ్వే పెద్ద, జుబేదా. ముందు హనుమక్కను అడిగినా. నాకొద్దు, జుబేదక్క చేతికి సాటి ల్యాదు, ఆమెనే పెట్టండి అనింది. మాట మటుకు రవ్వంత మెత్తగా ఉండల్ల."

"సరేన్నా."

కోరుకున్నది చేతికొచ్చింది. ఆమె చెవిలో మిగిలినవి మాత్రం రెండే: ముందు అడిగింది హనుమక్కను, తన మాట గట్టిది. అది వద్దని పారేసిన ఎంగిలి నాకా, అనుకుంది. రోజూ ఇద్దరూ పక్కపక్కనే సంగటి తినేవారు. ఆ మధ్యాహ్నం గోడవైపు తిరిగి తింది.

"అక్కా, వానల్ల్యాక చేను బీడుపడె. మా ఆయప్ప కాలవ పనికి పోదామంటాండాడు. ఈ పొద్దే ఆఖరు, అయిదింటి బస్సుకు పోతాండాం," అంది హనుమక్క.

"పో. నీకేం, యాడికి పోయినా జనమే," అంది జుబేదాబీ తలెత్తకుండా.

"నాకు ఈడ నువ్వే గదక్కా."

జుబేదాబీ చెయ్యి కడుక్కుని చాట ముందుకు లాక్కుంది. హనుమక్క కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

సాయంత్రం చాట ఖాళీ చేసి వచ్చేసరికి, తను కూర్చునే చోట గోనెపట్టాతో కుట్టిన చిన్న మెత్త ఉంది. లోపల కుక్కింది హనుమక్క పాత ఎర్రచీర. మోకాళ్ళు సలుపుతున్నాయని ఎప్పుడు చెప్పిందో తనకే గుర్తులేదు. చేతిలోకి తీసుకోగానే కన్ను నేరుగా ఊడిన కుట్టు మీదికి పోయింది. తన మీద తనకే అసహ్యం వేసి, ఏడుపొచ్చింది.

మెత్త పట్టుకునే రోడ్డుదాకా పరుగెత్తింది. బస్సు అప్పుడే వెళ్ళిపోయింది, దుమ్ము ఇంకా అణగలేదు. అక్కడే రాయి మీద కూలబడి, మెత్తను ఒళ్ళో తిప్పి తిప్పి చూసింది. ఆ ఒక్క మూల తప్ప కుట్లన్నీ దగ్గరదగ్గరగా, గట్టిగా ఉన్నాయి.